రోగి ముందా, డాక్టరు ముందా?

డాక్టరు రాకముందే రోగి మరణించాడు. ఈ వాక్యాన్ని ఆంగ్లంలోకి తర్జుమా చేయకుండా ఉన్నత పాఠశాల దాటిన భారతీయుడు అరుదు. తరతరాలుగా మన తరగతి గదుల్లో ఆ అభాగ్యుడు మరణిస్తూనే ఉన్నాడు. వైద్యుడు ఒక్కనాడైనా వేళకు వచ్చిన పాపాన పోలేదు. 'ది పేషెంట్ హ్యాడ్ డైడ్ బిఫోర్ ది డాక్టర్ కేమ్' అని వల్లించిన విద్యార్థి పాస్ట్ పర్‌ఫెక్ట్‌ను, అనగా భూతకాలానికి పూర్వపు భూతకాలాన్ని, నేర్చుకున్నాననుకుంటాడు.

విచిత్రమేమంటే, ఈ ఉదాహరణలో 'హ్యాడ్' లేకపోయినా కొంప మునగదు. ఏది ముందో 'బిఫోర్' అనే మాటే తేల్చివేస్తున్నది. దానిని తీసి 'వెన్' పెట్టి చూడండి. 'వెన్ ది డాక్టర్ కేమ్, ది పేషెంట్ డైడ్' అంటే డాక్టరు వచ్చాడు, రోగి పోయాడు. నింద వైద్యునిపై పడినా పడవచ్చు. 'ది పేషెంట్ హ్యాడ్ ఆల్రెడీ డైడ్' అంటే ఆయన నిర్దోషి. కోర్టు వాంగ్మూలంలో ఆ 'హ్యాడ్', ఆ 'ఆల్రెడీ' ఎంతటి బరువు మోస్తాయో వేరే చెప్పనక్కరలేదు.

తెలుగు ఈ పనిని మరొక విధంగా నెరవేర్చుకుంటుంది. 'మేము స్టేషను చేరేసరికి బండి వెళ్ళిపోయింది' అంటాము. క్రియ మామూలు భూతకాలమే. పౌర్వాపర్యమంతా 'చేరేసరికి' చూసుకుంటుంది. మరీ కావాలంటే 'అప్పటికే' అని చేరుస్తాము. అందుచేత ఆంగ్లం వ్రాసే తెలుగువాడికి 'ఆల్రెడీ' ఒక్కటి ఉంటే చాలునని తోస్తుంది. అమెరికావారి వాడుకలో 'హి ఆల్రెడీ లెఫ్ట్' చెల్లుతుంది కూడా.

హిందీ సీమలో చిక్కు తలక్రిందులు. అక్కడ 'మై కల్ గయా థా' అనడం సహజం కనుక, 'ఐ హ్యాడ్ గాన్ దేర్ యెస్టర్‌డే' అన్నది అలవోకగా కలంలోకి దిగుతుంది. భారతీయుల ఆంగ్లానికి ఇదొక ఆనవాలని భాషావేత్తలు పేర్కొంటారు. దరఖాస్తుల్లోనూ, కచేరీ ఉత్తరాల్లోనూ ఇది అడుగడుగునా కనిపిస్తుంది. చదివే విదేశీయుడు మాత్రం 'అంతకుముందే వెళ్ళాడు సరే, దేనికి ముందు?' అని తరువాతి వాక్యం కోసం ఎదురుచూస్తాడు. ఆ వాక్యం ఎన్నటికీ రాదు.

క్రియావిశేషణం కూర్చునే చోటు విషయానికి వస్తే, పెద్ద కష్టం లేదు. 'ఆల్రెడీ', 'జస్ట్', 'నెవర్' వంటివి 'హ్యాడ్'కు, అసలు క్రియకు నడుమ ఇముడుతాయి. కర్మణి ప్రయోగంలో మధ్యన 'బీన్' కూడా చేరుతుంది కనుక కాస్త జాగ్రత్త కావాలి: 'ది లెటర్ హ్యాడ్ ఆల్రెడీ బీన్ కేర్‌ఫుల్లీ చెక్డ్'. కాలాన్ని తెలిపే మాట 'హ్యాడ్' వెంట నడిచింది. రీతిని తెలిపేది అసలు క్రియను అంటిపెట్టుకుంది. 'హార్డ్‌లీ' వాక్యం మొదటికి ఎక్కితే 'హ్యాడ్' కర్తను దాటి ముందుకు వస్తుంది: 'హార్డ్‌లీ హ్యాడ్ హి సాట్ డౌన్ వెన్ ది లైట్స్ వెంట్ ఔట్'. కరెంటు కోత ఎరిగినవారికి ఈ వాక్యం త్వరగానే పట్టుబడుతుంది. 'నో సూనర్'కు మాత్రం 'వెన్' పనికిరాదు, 'దాన్' కావాలి. ఇవన్నీ కంఠస్థం చేస్తే వచ్చే సంగతులు.

కంఠస్థానికి లొంగనిది గడియారం. ఒక కార్యాలయంలో సాయంకాలం దొంగతనం జరిగిందనుకుందాం. 'ది క్లర్క్ హ్యాడ్ లెఫ్ట్ ఎట్ సిక్స్' అని ఒకరు వ్రాసి ఇచ్చారు. గుమాస్తా సరిగ్గా ఆరింటికి వెళ్ళాడా? లేక ఆరింటికి చూస్తే అప్పటికే లేడా? వాక్యం రెండింటికీ తావిస్తున్నది. హాన్స్ రైఖెన్‌బాఖ్ అనే తత్త్వవేత్త 1947లో ఈ కాలానికి మూడు బిందువులు ఉంటాయని వివరించాడు: మాట్లాడే క్షణం, పని జరిగిన క్షణం, మనం నిలబడి వెనక్కు చూసే క్షణం. ఇక్కడ 'ఎట్ సిక్స్' రెండవదానికి తగులుకున్నదో, మూడవదానికో తెలియదు. 'ఎట్ సిక్స్ ది క్లర్క్ హ్యాడ్ ఆల్రెడీ లెఫ్ట్' అన్నా, 'ఎట్'కు బదులు 'బై' వాడినా సందేహం తీరుతుంది. సరిగ్గా ఆరు గంటలకు బయలుదేరాడనడమే ఉద్దేశమైతే 'హ్యాడ్'తో పనే లేదు, 'లెఫ్ట్ ఎట్ సిక్స్' చాలు. తెలుగు గుమాస్తా అయితే 'ఆరింటికి' వెళ్ళాడో, 'ఆరింటికల్లా' వెళ్ళిపోయాడో చెబుతాము. అంతటి భేదాన్నీ ఆ చిన్న 'అల్లా' మోసుకుపోతుంది.