బీమా కార్డూ, మనసు వైద్యమూ

మద్దిలపాలెంలో గది అద్దెకి తీసుకుని చదువుకునే మన పిల్లలకి నెలల తరబడి నిద్ర పట్టకపోతే ఎవరి దగ్గరికెళ్లాలి? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షను ఒంటి జబ్బుతో సమానంగా మనసు జబ్బుకీ బీమా ఇవ్వాలంది. కానీ చాలా ప్రైవేటు పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి, వారంవారం కూర్చుని మాట్లాడే కౌన్సెలింగుకి ఇవ్వవు. పాలసీలో ఓపీడీ ఉందా, ఎవరి బిల్లు ఒప్పుకుంటారు అన్నది ముందే రాతలో తీసుకోవాలి. క్లినికల్ సైకాలజిస్టయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మొహమాటం వద్దు.

అసలు చిక్కు వేరే ఉంది. కులం కొట్టిన దెబ్బని "నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు" అని తోసేసేవాళ్ల దగ్గర, కంపెనీ మొత్తం బిల్లు కట్టినా దండగే. మొదటిరోజే కులం మాట ఎత్తి చూడండి, వినే తీరులోనే తెలిసిపోద్ది.

చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకి (ఊళ్లో పిచ్చాసుపత్రి అంటారు, ఆ పేరుకే సగంమంది వెనకాడతారు) బీమా కార్డు అక్కర్లేదు. సర్కారు వైద్యంలో కులవివక్ష కూడదని ఆ చట్టం 18వ సెక్షనులోనే ఉంది.