పాత గుడ్డలలోని విలువ



మా అమ్మ పుట్టి పెరిగిన పెంకుటిల్లు సంక్రాంతి వెళ్ళగానే పడగొట్టబోతున్నారని కబురు వచ్చింది. "ఆ ఇంటి బొమ్మ ఒకటి వేసి ఇవ్వండిరా" అని అమ్మ అడిగింది. మేమూ పిల్లలూ తీరిక వేళల్లో నీటిరంగులు వేస్తుంటాము గనుక కాదనలేకపోయాము.

మామూలు డ్రాయింగు కాగితం కొన్నేళ్ళకే పచ్చబడి పెళుసెక్కుతుంది. కలప గుజ్జులో ఉండే లిగ్నిన్ అనే పదార్థమే దానికి ఒక ముఖ్య కారణం. దూదిలో అది ఉండదు. అందువలన నూలుగుడ్డతో, చేతితో చేసిన కాగితం నాలుగు షీట్లు కొన్నాము. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుగలది.

ఈ కాగితం చేసే విధానం తెలిసికొనదగినది. బట్టలు కుట్టగా మిగిలిన నూలు ముక్కలను నీటిలో నలిపి గుజ్జు చేస్తారు. గుజ్జు కలిపిన తొట్టిలో జల్లెడ వంటి చట్రాన్ని ముంచి ఎత్తితే, నీరు కారిపోయి పొర నిలుస్తుంది. దానిని గుడ్డమీదికి దించి, అదిమి ఆరబెడతారు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జె.సి. కుమారప్పగారు 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ద్వారా వార్ధాలో ఈ పనిని ప్రోత్సహించారు. జైపూరు దగ్గర సాంగానేరులోని చేతి కాగితపు జాతీయ సంస్థకు ఆయన పేరే పెట్టారు.

ఇక మా అనుభవం. మొదటి షీటుమీద ఆకాశం వేయగానే రంగు అద్దుడు కాగితంమీద సిరావలె ఇంకిపోయింది. ఆరిన తరువాత చూస్తే వెలవెలబోయింది. కాగితానికి జిగురు పట్టించలేదన్నమాట! కొనేముందు ఒక మూల నీటిచుక్క వేసి చూడవలసింది. చుక్క కాసేపు నిలిస్తే మంచిది, వెంటనే ఇంకితే జిగురు లేనట్లే.

సంక్రాంతికి వారమే ఉంది. లీటరు నీటికి 20 గ్రాముల చొప్పున జెలటిన్ పొడిని ముందు చన్నీళ్ళలో నానబెట్టి, తరువాత మరగనీయకుండా వేడిచేసి కరిగించాము. వెడల్పు కుంచెతో షీటు రెండు వైపులా పూసి, దండెంమీద ఆరవేశాము. మరునాడు నీటిచుక్క ముత్యంలా నిలిచింది! ఎర్రపెంకులు, అరుగు, వేపచెట్టు నీడ అనుకొన్నట్లే వచ్చాయి.

అమ్మకు చూపించాము. చాలాసేపు చూసి, "ఒరేయ్, వంటింటి కిటికీ ఎడమ పక్కన కదరా" అన్నది. మా గుండె జారింది. తడికుంచెతో మెల్లగా రుద్ది, మెత్తని గుడ్డతో అద్దాము. రంగు చాలావరకు లేచివచ్చింది, కాగితం పొట్టు రేగలేదు. జిగురు రంగును పైనే నిలిపింది, దూదిపోగు రాపిడికి ఓర్చుకొన్నది. కిటికీని దాని చోట పెట్టాము.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. బొమ్మ అమ్మ మంచం ఎదుట గోడమీద ఉంది. ఎవరైనా వస్తే ఆమె ముందుగా చూపించేది ఆ కిటికీనే.

మీ ఇంట్లోనూ పెద్దవారు తలచుకొనే చోటు ఏదైనా ఉంటే, అది ఉండగానే పిల్లలచేత గీయించండి. అయితే ముందు నీటిచుక్క వేసి చూడడం మరువకండి.