వారమా, పాయింట్లా?

టైమ్‌షేర్ సెలవుల బేరంలో ఢిల్లీ మధ్యతరగతి అడగాల్సిన అసలు ప్రశ్న: మనం కొంటున్నది గదినా, క్యూలో చోటునా?

వారాంతాల్లో ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా మాల్స్‌లో తిరిగే దంపతులకు ఈ తంతు కొత్తేమీ కాదు. కూపన్ మీద పేరు, ఫోన్ నంబరు రాసిస్తే నాలుగు రోజుల్లో ఫోన్ మోగుతుంది. 'మీకు బహుమతి తగిలింది. భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చి తీసుకోవాలి.' వెళ్తే ఏసీ హాలు, టీ, బిస్కట్లు, గోడ నిండా మంచుకొండల బొమ్మలు. గంట తర్వాత ఎదురుగా దరఖాస్తు, చేతిలో పెన్ను. లక్షల రూపాయల ఖర్చు, పాతికేళ్ళ కట్టుబాటు. నిర్ణయం మాత్రం ఆ సాయంత్రమే జరిగిపోవాలి.

ఈ హడావుడిలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. టైమ్‌షేర్‌లో రెండు వేర్వేరు లెక్కలున్నాయి. ఒకటి వారాల లెక్క, రెండోది పాయింట్ల లెక్క. డబ్బు కట్టిన కుటుంబానికి జూన్‌లో ముస్సోరీలో గది దొరుకుతుందా లేదా అన్నది ఈ లెక్కను బట్టే ఉంటుంది.

ఆల్ప్స్ నుంచి కొడైకెనాల్ దాకా

టైమ్‌షేర్ 1960లలో యూరప్‌లో పుట్టింది. సెలవు ఇల్లు సొంతంగా కొనుక్కునే స్తోమత లేనివాళ్ళు నలుగురూ కలిసి కొనుక్కుని, ఏడాదిలోని 52 వారాలను పంచుకోవడం అందులోని మూలసూత్రం. ఏటా ఒకే వారం, ఒకే ఊరంటే ఎవరికైనా విసుగే. ఆ విసుగే వ్యాపారమైంది. అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో 1974లో మొదలైన ఆర్‌సీఐ, 1976లో వచ్చిన ఇంటర్వల్ ఇంటర్నేషనల్ ఈ వారాల మార్పిడికి బజారుగా మారాయి. పాయింట్లు కూడా నిన్నమొన్నటివి కావు. 1963లో స్విట్జర్లాండ్‌లో ఆరంభమైన హాపిమాగ్ సభ్యులకు పాయింట్లే ఇస్తుంది. డిస్నీ 1991లో అదే దారి పట్టింది. ఆర్‌సీఐ 2000లో వారాల పక్కనే పాయింట్ల పథకం తెచ్చింది.

మన దేశంలో 1986లో చెన్నైలో పుట్టిన స్టెర్లింగ్ ఈ వ్యాపారానికి బాట వేసింది. కొడైకెనాల్ దాని తొలి మజిలీ. 1990ల చివర్లో ఆర్థిక చిక్కుల్లో పడిన ఆ సంస్థను 2014లో థామస్ కుక్ ఇండియా చేజిక్కించుకుంది. 1996లో మహీంద్రా గ్రూపు రంగంలోకి దిగింది. బేగంపేట కేంద్రంగా ఎదిగిన కంట్రీ క్లబ్ హైదరాబాదీలకు సుపరిచితమే. ఉత్తరాదిన ఈ సంస్థల కన్నంతా ఢిల్లీ మీదే. ముస్సోరీ, నైనితాల్, కార్బెట్, మనాలీలలో రిసార్టులు వెలిసింది ప్రధానంగా ఈ మహానగర జనం కోసమే.

వారం విలువ ఎంత?

వారాల పద్ధతిలో సభ్యుడికి ఏడాదికి ఏడు రాత్రుల హక్కు వస్తుంది. పాశ్చాత్య దేశాల్లో మొదట్లో వారం నంబరు, గది నంబరు కూడా ఖాయంగా ఉండేవి. మన దగ్గర వేళ్ళూనుకున్నది సీజన్ పద్ధతి. క్లబ్ మహీంద్రా సీజన్లకు పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అని రంగుల పేర్లు పెట్టింది. పర్పుల్ అంటే బాగా రద్దీగా ఉండే రోజులు, ధరా ఎక్కువే. బ్లూ అంటే జనం పెద్దగా కదలని రోజులు, ధర తక్కువ. గది స్టూడియోనా, ఒక బెడ్‌రూమా, రెండా అన్నది రెండో మెట్టు. అంటే మనవాళ్ళు కొంటున్నది ఫలానా వారం కాదు, ఫలానా రకం వారాల కోసం పోటీ పడే హక్కు.

మార్పిడి బజారులో అన్ని వారాలూ సమానం కావు. ఆర్‌సీఐలో వేసిన వారానికి గిరాకీ, సీజన్, గది పరిమాణం, రిసార్టు నాణ్యత, ఎంత ముందుగా వేశారన్న దాన్ని బట్టి విలువ కడతారు. చాలాకాలం ఆ విలువ సభ్యుడికి తెలిసేది కాదు. మంచి వారం ఇచ్చి సాధారణ వారం తీసుకుంటే తేడా పోయినట్టే. వంద నోటిచ్చి అరవై రూపాయల సరుకు తీసుకున్నా నలభై తిరిగి రాని దుకాణమన్నమాట. 2010లో ఆర్‌సీఐ వారాల విలువను అంకెల్లో చూపడం, మిగిలిన చిల్లరను సభ్యుడి ఖాతాలో వేయడం మొదలుపెట్టింది. వారాల పద్ధతి అలా పాయింట్లకు దగ్గరైంది.

పాయింట్ల తీపి, చేదు

పాయింట్ల పద్ధతిలో సభ్యుడికి ఏటా కొన్ని పాయింట్లు జమవుతాయి. ప్రతి రిసార్టుకు, గదికి, రోజుకు ఓ ధరల పట్టిక ఉంటుంది. ఉదాహరణకు ఓ కుటుంబానికి ఏటా 10,000 పాయింట్లు వస్తాయనుకుందాం. వేసవిలో కొండ మీద వారం 16,000, వర్షాకాలంలో 6,000, మామూలు రోజుల్లో శుక్ర, శనివారాల రెండు రాత్రులు 2,500 అనుకుందాం. ఆ కుటుంబం ఏడాదికి నాలుగు వారాంతాలు గడిపి రావచ్చు. లేదా పోయినేడు 6,000 దాచుకుని ఈ వేసవికి వారం తీసుకోవచ్చు.

ఢిల్లీ జీవనశైలికి ఇది అతికినట్టు సరిపోతుంది. శుక్రవారం రాత్రి కారెక్కి ఆదివారం రాత్రికి తిరిగొచ్చే వాళ్ళకు ఏకబిగిన ఏడు రోజులెక్కడివి? మన దేశంలో వారాల పథకాలు నడిపే సంస్థలు ఏడు రోజులను విడగొట్టి వాడుకోనివ్వడం, క్లబ్ మహీంద్రా 50 ఏళ్ళు దాటినవారి కోసం బ్లిస్ పేరిట పాయింట్ల పథకం తేవడం ఈ అవసరాన్ని గుర్తించే.

కానీ వారానికి ఎప్పుడూ ఏడు రోజులే. పాయింటు విలువ మాత్రం పట్టిక రాసేవాళ్ళ చేతిలో ఉంటుంది. పై ఉదాహరణలో 16,000 పాయింట్ల వారం 20,000కు పెరిగితే ఏటా కాస్త దాచుకుంటే సరిపోయే వేసవి సెలవు రెండేళ్ళ పాయింట్లను పూర్తిగా మింగేస్తుంది. ఒక్క రూపాయి అదనంగా అడగకుండానే ధర పెరిగిపోయిందన్నమాట. డిస్నీ పథకంలో ఓ రిసార్టు మొత్తం పాయింట్లను ఇష్టమొచ్చినట్టు పెంచడం కుదరదు. ఒక సీజన్‌లో పెంచితే మరో సీజన్‌లో తగ్గించాలి. అలాంటి కట్టడి ఒప్పందంలో రాసి లేకపోతే సభ్యుడికి భరోసా లేనట్టే. గడువు దాటిన పాయింట్లు రద్దయిపోవడం మరో మెలిక.

నాలుగు వారాల ఇరుకు

ఏ పద్ధతయినా ఉన్న గదులను పెంచదు. ఢిల్లీ పాఠశాలలకు వేసవి సెలవులు మే మధ్య నుంచి జూన్ చివరి దాకా. తెలుగు రాష్ట్రాల్లో ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ రెండో వారానికల్లా ముగుస్తాయి. ద్వారకలో ఉండే అన్న కుటుంబం, విజయవాడ నుంచి వచ్చే తమ్ముడి కుటుంబం కలిసి మనాలీ వెళ్ళాలంటే రెండు సెలవులూ కలిసేది నాలుగు వారాల లోపే. సరిగ్గా అప్పుడే ఉత్తరాది నగరాలు సగం కొండల మీద ఉంటాయి. వారాల పద్ధతిలో ఈ కుటుంబాలకు అక్కరకొచ్చేది అన్నిటికన్నా ఖరీదైన రంగే. పాయింట్ల పద్ధతిలో అన్నిటికన్నా ఖరీదైన వరుసే. రెండిట్లోనూ ముందుగా బుక్ చేసుకున్నవారిదే గది. పిల్లలు లేని, లేదా పెద్దవాళ్ళయిపోయిన దంపతులకు ఈ బెడద లేదు. సెప్టెంబర్‌లోనో, ఫిబ్రవరిలోనో వెళ్ళగలిగినవారికి తక్కువ పాయింట్లతో ఎక్కువ రాత్రులు దక్కుతాయి.

ఇక ఖర్చు. పన్నుతో కలిపి 5 లక్షల సభ్యత్వాన్ని 25 ఏళ్ళకు పంచితే ఏడాదికి 20,000. వార్షిక రుసుము మరో 20,000 అనుకుంటే 18 శాతం జీఎస్టీతో 23,600. మొత్తం 43,600ను ఏడుతో భాగిస్తే రాత్రికి సుమారు 6,230. ఇందులో భోజనం, ప్రయాణం, ముందే కట్టిన 5 లక్షల మీద వడ్డీ లేవు. వార్షిక రుసుము ఏటా పెరగొచ్చు. వెళ్ళినా, వెళ్ళకపోయినా కట్టాల్సిందే.

చట్టం ఎటువైపు?

యూరప్‌లో 1994 నుంచీ టైమ్‌షేర్‌కు ప్రత్యేక నిబంధనలున్నాయి. 2008 నాటి ఆదేశం ప్రకారం సంతకం చేసిన 14 రోజుల్లోగా కారణం చెప్పకుండానే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. మన దేశంలో టైమ్‌షేర్‌కంటూ ప్రత్యేక చట్టం లేదు. 2020 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం ఓ మేలు చేసింది. సంస్థ కేంద్ర కార్యాలయం చెన్నైలో ఉన్నా, ముంబైలో ఉన్నా నోయిడా వాసి తన జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. ఏకపక్షంగా రాసుకున్న ఒప్పందాలను రాష్ట్ర కమిషన్‌లో సవాలు చేసే వీలూ ఆ చట్టంలోనే ఉంది.

సెలవుల పేరుతో పెట్టుబడి అమ్మేవాళ్ళతో ప్రమాదం మరింత ఎక్కువ. 'గదిలో ఉండకపోతే డబ్బు పెంచి తిరిగిస్తాం' అన్న తరహా పథకాలతో పాన్‌కార్డ్ క్లబ్స్ 50 లక్షలకు పైగా మంది నుంచి 7,000 కోట్లకు పైగా వసూలు చేసిందని తేల్చిన సెబీ, 2016లో ఆ సొమ్ము వెనక్కివ్వాలని ఆదేశించింది. టైమ్‌షేర్ లాభం తెచ్చే ఆస్తి కాదు. తిరిగి అమ్మబోతే కొనేవాళ్ళు దొరకడమే కష్టం.

సంతకానికి ముందు

* గత వేసవిలో కోరుకున్న రిసార్టుకు ఎన్ని నెలల ముందు బుకింగ్ నిండిపోయిందో అడగండి.
* పాయింట్ల పట్టికను మార్చే అధికారం ఎవరిది, ఎంత వరకు అన్నది ఒప్పందంలో చూడండి.
* వాడుకోని వారాలు, పాయింట్లు ఎన్నాళ్ళు నిలవుంటాయో రాతపూర్వకంగా తీసుకోండి.
* వార్షిక రుసుము పెంపునకు పరిమితి ఉందేమో, మార్పిడి సంస్థకు విడిగా ఎంత కట్టాలో తెలుసుకోండి.
* నోటిమాటగా ఇచ్చిన ప్రతి హామీనీ కాగితం మీద పెట్టించండి. అందుకు ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

ఏటా ఒకే కాలంలో, వారం పాటు, కుటుంబమంతా కలిసి వెళ్ళేవారికి వారాల పద్ధతే నయం. వీలు దొరికినప్పుడల్లా రెండేసి రోజులు వెళ్ళొచ్చేవారికి పాయింట్లు మేలు. ఎప్పుడు వీలు దొరుకుతుందో తమకే తెలియనివారు ఆ డబ్బు బ్యాంకులో వేసుకుని, వెళ్ళాలనిపించిన నాడు హోటల్ గది తీసుకోవడమే ఉత్తమం. ఆ లెక్క ఒక్క సాయంత్రంలో తేలేది కాదు. ఇంటికొచ్చి, కాలెండర్ ముందేసుకుని తేల్చుకోవాలి.