సభలో అన్న మాట, చట్టంలో ఉన్న మాట

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, 2014. 108 సెక్షన్లు, 13 షెడ్యూళ్లు. ఓపిక ఉంటే మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి. ఏళ్ల తరబడి టీవీ చర్చల్లో, ఎన్నికల సభల్లో నలిగిన ‘ప్రత్యేక హోదా’ అందులో ఎక్కడా కనిపించదు. పోనీ ఆ మాట ఎవరూ ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో సాక్షాత్తూ ప్రధాని మన్మోహన్ సింగ్ లేచి చెప్పారు. సభ రికార్డుల్లో ఉంది, చట్టంలో లేదు. ఎందుకు లేదో తెలియాలంటే పార్లమెంటులో బిల్లు ఏయే గుమ్మాలు దాటుతుందో చూడాలి. మనలో సగంమందిని మురిపించి, సగంమందిని ఏడిపించిన ఆ బిల్లునే తీసుకుందాం.

అసలు బిల్లు పుట్టేది పార్లమెంటులో కాదు. మంత్రిత్వ శాఖ అనుకున్నదాన్ని న్యాయశాఖలోని శాసన విభాగం చట్టం భాషలో రాస్తుంది. కేబినెట్ సరేనన్నాక సభకొస్తుంది. ఎంపీలు సొంతంగానూ బిల్లులు పెట్టుకోవచ్చు, శుక్రవారం మధ్యాహ్నాలు వాటికే కేటాయించారు. అలాంటి ప్రైవేటు మెంబరు బిల్లు చట్టం కావడం మాత్రం 1970తోనే ఆఖరు. రాష్ట్రాన్ని విడదీసే బిల్లుకు ఇంకో మెట్టు ఉంది. రాజ్యాంగంలోని 3వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి దాన్ని ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం కోసం పంపాలి. పంపారు. 2014 జనవరి 30న ఉమ్మడి అసెంబ్లీ మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది. అభిప్రాయం అడగాలే తప్ప దానికి కట్టుబడాల్సిన పని పార్లమెంటుకు లేదని చాలామందికి తెలిసొచ్చింది అప్పుడే.

లోక్‌సభలో 543 మంది, జనం నేరుగా ఎన్నుకున్నవాళ్లు. రాజ్యసభకు 245 స్థానాలు. 12 మందిని రాష్ట్రపతి నామినేట్ చేస్తారు, మిగతావాళ్లను ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. ఈ సభకు రద్దు లేదు, రెండేళ్లకోసారి మూడోవంతు మంది దిగిపోతారు. మామూలు బిల్లు ఏ సభలోనైనా మొదలవచ్చు కానీ రెండూ ఒకే రూపంలో ఆమోదించాలి. ఖజానాతో ముడిపడినవి మాత్రం ముందు లోక్‌సభకే వెళ్లాలి. విభజన బిల్లును తొలుత రాజ్యసభలో పెట్టాలనుకున్నారు. ఆర్థికాంశాలున్నాయని తేలాక దారి మళ్లించారు.

ఫిబ్రవరి 13న హోంమంత్రి సుశీల్ కుమార్ షిండే బిల్లు పెట్టారు. సభలో ఎవరికీ ఏమీ వినపడలేదు. ఓ ఎంపీ చల్లిన పెప్పర్ స్ప్రే ఘాటుకు సభ్యులు దగ్గుతూ బయటికి పరుగెత్తారు, కొందరిని ఆసుపత్రికి తీసుకెళ్లారు. బిల్లు ప్రవేశపెట్టినట్టా కాదా అని ప్రతిపక్షం అడిగింది, పెట్టినట్టేనంది ప్రభుత్వం. లాంఛనంగా దీని పేరు మొదటి పఠనం!

అసలు పని రెండో పఠనంలో. ముందు బిల్లు ఉద్దేశం మీద చర్చ, ఆ తర్వాత క్లాజుల వారీ పరిశీలన. ఇక్కడో తమాషా ఉంది. లెక్క ఒకటితో మొదలవదు. రెండో క్లాజుతో మొదలై, చివరి క్లాజు, షెడ్యూళ్లు అయ్యాక అప్పుడు ఒకటో క్లాజు, ఆఖర్న బిల్లు పేరు. ఇల్లు కట్టాకే గేటుకు నేమ్ బోర్డు బిగించినట్టు. ఫలానా క్లాజును బిల్లులో భాగం చేయాలా అని స్పీకర్ అడుగుతారు. అవునన్నవాళ్ల గొంతులు, కాదన్నవాళ్ల గొంతులు విని తేలుస్తారు. మన పేపర్లు రాసే మూజువాణి ఓటు అదే. ఒప్పుకోనివాళ్లు డివిజన్ అడుగుతారు. అప్పుడు గంటలు మోగుతాయి, తలుపులు మూసుకుంటాయి, సీటు దగ్గరి మీటలు నొక్కుతారు: ఆకుపచ్చ అవునుకు, ఎరుపు కాదుకు, పసుపు తటస్థానికి. ‘చేయవచ్చు’ అన్నదాన్ని ‘చేయాలి’ అని దిద్దించుకోవాలంటే ఎంపీకి సభలో దొరికే చోటు ఇదొక్కటే. మూడో పఠనానికి వచ్చేసరికి బిల్లు మొత్తానికి అవుననడమో కాదనడమో.

ఫిబ్రవరి 18న ఈ తంతంతా తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి, అరుపుల మధ్య జరిగింది. సౌగత రాయ్, అసదుద్దీన్ ఒవైసీ సవరణలు వీగిపోయాయి, బిల్లు మూజువాణితో గట్టెక్కింది. తెలంగాణలో టపాసులు, అవతల బంద్ పిలుపులు. కాంగ్రెస్, బీజేపీ రెండూ ఒకవైపే ఉన్నాయి కాబట్టి రాష్ట్రం ఏర్పడటం ఆగేది కాదు, ఆగాల్సిన అవసరమూ లేదు. ఆ రోజు నష్టపోయింది క్లాజులే. వాటిని ఒక్కొక్కటిగా చదివి దిద్దే తీరిక ఇటు ఎంపీలకూ దొరకలేదు, అటు ఎంపీలకూ దొరకలేదు.

రెండ్రోజుల తర్వాత రాజ్యసభలో బీజేపీ నేత వెంకయ్యనాయుడు సవరణలతో వచ్చారు. కానీ అవి 15వ లోక్‌సభకు చివరి సమావేశాలు, 21తో సరి. రాజ్యసభ ఒక్క అక్షరం మార్చినా బిల్లు మళ్లీ లోక్‌సభ గుమ్మం తొక్కాలి. మళ్లీ ఆ అరుపులు, ఆ గలాటా, చేతిలో ఒక్కరోజు. అందుకే సవరణ స్థానంలో ప్రధాని ప్రకటన వచ్చింది: కేంద్ర సాయం కోసం ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లు ప్రత్యేక హోదా. ఐదు కాదు, పదేళ్లన్నారు వెంకయ్య. బిల్లు మాత్రం ఉన్నదున్నట్టుగా బయటపడింది. మార్చి 1న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ సంతకం, జూన్ 2న రెండు రాష్ట్రాలు.

సభలో మంత్రులిచ్చే మాటలు గాలికి పోకుండా చూడటానికి రెండు సభల్లోనూ హామీల కమిటీలున్నాయి. మూడు నెలల్లో నెరవేర్చాలన్నది నియమం. కమిటీ అడగగలదు, నివేదిక ఇవ్వగలదు, అంతే. 2016 సెప్టెంబరులో కేంద్రం హోదాకు బదులు ప్యాకేజీ అంది. 2018 జులై 20న తెలుగుదేశం అవిశ్వాస తీర్మానం దాకా వెళ్లింది. అనుకూలం 126, వ్యతిరేకం 325.

పోనీ, చట్టంలోకి ఎక్కినవన్నీ దక్కాయా? అక్కడా రాతను బట్టే ఉంది. హైదరాబాద్ ‘పదేళ్లకు మించకుండా’ ఉమ్మడి రాజధాని అన్నది సెక్షన్ 5. 2024 జూన్ 2తో ఆ గడువు చడీచప్పుడు లేకుండా తీరిపోయింది. సెక్షన్ 26 చూడండి. అసెంబ్లీ సీట్లు ఆంధ్రప్రదేశ్‌లో 175 నుంచి 225కి, తెలంగాణలో 119 నుంచి 153కి పెరుగుతాయన్నారు. నాయకులు టికెట్ల లెక్కలు కూడా వేసుకున్నారు. కానీ ఆ సెక్షన్ మొదట్లోనే ‘రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి’ అని ఉంది. 2026 తర్వాతి జనాభా లెక్కలు వచ్చేదాకా సీట్ల సంఖ్య మార్చకూడదంటుంది ఆ అధికరణం. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో పట్టుకున్నారన్నమాట. 2025 జులైలో సుప్రీంకోర్టూ సీట్ల పెంపు పిటిషన్‌ను కొట్టేసింది. పదమూడో షెడ్యూలులో కడప ఉక్కు, ఖమ్మం ఉక్కు, తెలంగాణ రైల్వే కోచ్ ఫ్యాక్టరీ ఉన్నాయి. ఉన్నాయంటే, ఆరు నెలల్లో ‘సాధ్యాసాధ్యాలు పరిశీలించాలి’ అని ఉంది. పరిశీలించి కుదరదన్నా చట్టం పాటించినట్టే. ఐఐటీ దగ్గర మాత్రం ‘స్థాపనకు చర్యలు’ అని, ఎయిమ్స్ దగ్గర ‘స్థాపించాలి’ అని రాశారు. తిరుపతిలో, మంగళగిరిలో అవి నిలబడ్డాయి.

ఇలాంటి రాతల్ని తీరిగ్గా పట్టుకునే ఏర్పాటు పార్లమెంటులోనే ఉంది. శాఖల వారీగా 24 స్టాండింగ్ కమిటీలు. ఒక్కోదాంట్లో 21 మంది లోక్‌సభ, 10 మంది రాజ్యసభ సభ్యులు. అధికారుల్ని పిలుస్తారు, నిపుణుల్ని అడుగుతారు, క్లాజు క్లాజూ తిరగేస్తారు. అక్కడ కెమెరాలుండవు, విప్ ఉండదు. సభలో పార్టీ విప్ దాటి ఓటేస్తే రాజ్యాంగంలోని 1985 నాటి పదో షెడ్యూలు కింద పదవే ఊడొచ్చు. కమిటీ గదిలో ఆ భయం లేదు కాబట్టి అధికార పక్షం సభ్యుడు కూడా ‘ఈ వాక్యం నిలవదు’ అని నోరు విప్పగలడు. విభజన బిల్లును చూసింది మంత్రుల బృందం. అది ప్రభుత్వం వేసుకున్నది, సభది కాదు. స్టాండింగ్ కమిటీకి పంపనే లేదు. 15వ లోక్‌సభలో దాదాపు 71 శాతం బిల్లులు ఈ కమిటీలకు వెళ్లాయి. ఇంత పెద్దది వెళ్లకపోవడమే విడ్డూరం. 17వ లోక్‌సభకు వచ్చేసరికి అలా వెళ్లినవి 16 శాతమే. 2020లో సాగు బిల్లులూ కమిటీ మొహం చూడలేదు. రాజ్యసభలో డివిజన్ అడిగినా మూజువాణితోనే ముగించారు. మరుసటి ఏడాది నవంబరు 29న ఆ చట్టాల రద్దు బిల్లునూ చర్చ లేకుండా ఒక్కరోజులోనే రెండు సభలూ దాటించేశాయి.

మళ్లీ విభజన చట్టానికే వస్తే, పదమూడో షెడ్యూలులో గిరిజన విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి, రాష్ట్రానికొకటి. వాటికి ఈ చట్టం ఒక్కటే చాలలేదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టాన్నీ సవరించాలి, అంటే ఇంకో బిల్లు, మళ్లీ మూడు పఠనాలు, మళ్లీ రెండు సభలు. విజయనగరం దానికి ఆ సవరణ 2019లో అయింది. ములుగు సమ్మక్క సారక్క వర్సిటీ బిల్లు 2023 డిసెంబరులో గానీ సభలు దాటలేదు.