బండి లేపుతారా? ముందు స్ప్రింగు లెక్క చూడండి

చేతిలో జిమ్నీయో, థారో ఉంది. ‘రెండంగుళాలు లేపేద్దాం బ్రో’ అని ఫ్రెండ్ ఊరిస్తున్నాడు. లేపొచ్చు. కానీ ఆ రెండంగుళాలతో బండి మలుపు తిరిగే తీరు, హైవే మీద నిలకడ రెండూ మారతాయి. అందుకే డబ్బు కట్టేముందు కొన్ని లెక్కలు చూసుకోండి. మెకానికల్ స్టూడెంట్లకైతే ఇది మెషిన్ డిజైన్ పాఠమే!

లేపితే వచ్చేదేంటి?

జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిల్, కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. పొడవైన స్ప్రింగు వేస్తే పైకి లేచేది బాడీ, ఛాసిస్ మాత్రమే. యాక్సిల్‌లో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపర్, దిగేటప్పుడు వెనక బంపర్, మిట్ట దాటేటప్పుడు బండి నడుం నేలకు తగలకుండా ఉండటమే లిఫ్ట్‌తో వచ్చే లాభం. మీ సమస్య రాళ్లకు డిఫరెన్షియల్ తగలడమైతే మార్చాల్సింది టైరు. అదీ వ్యాసం 2 అంగుళాలు పెరిగితే కింద దొరికేది 1 అంగుళమే.

2020లో వచ్చిన థార్‌కు ముందువైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్. అక్కడ ఎత్తు పెరిగేకొద్దీ డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు ఎక్కువ కోణంలో తిరగాలి, త్వరగా అరుగుతాయి. కాబట్టి ఒక బండికి బాగుందన్న కొలత ఇంకో బండికి పనికిరాదు.

పొడవు వేరు, బిగువు వేరు

స్ప్రింగు కొనేటప్పుడు రెండు అంకెలు అడగాలి. ఒకటి బరువు లేనప్పుడు దాని పొడవు. రెండోది స్ప్రింగ్ రేట్, అంటే ఒక మిల్లీమీటరు కుంగడానికి ఎంత బరువు కావాలన్నది. తీగ మందం ఇక్కడ చాలా కీలకం. స్ప్రింగు బిగువు తీగ వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. చుట్ల సంఖ్య, వెడల్పు మారకుండా 12 మి.మీ. తీగను 13 మి.మీ. చేస్తే బిగువు దాదాపు 38 శాతం ఎక్కువ! ‘కాస్త లావు తీగే సర్’ అని షాపులో చెబితే తేలిగ్గా తీసుకోవద్దు.

మీ బండి బరువెంత?

ఉదాహరణకు రేటు మి.మీ.కి 2 కిలోలు అనుకుందాం. వెనక యాక్సిల్ మీద అదనంగా 120 కిలోలు పడితే ఒక్కో స్ప్రింగుకు 60 కిలోలు. అంటే వెనకభాగం 30 మి.మీ. కుంగుతుంది. 40 మి.మీ. లిఫ్ట్ వేయించుకుంటే చేతిలో మిగిలేది 10. అదే 3 కిలోల రేటుంటే కుంగేది 20 మి.మీ.

అలాగని బిగువు స్ప్రింగే మేలనుకోకండి. రోజూ ఒక్కరే ఆఫీసుకు నడిపితే గుంత గుంతకీ నడుం విరుగుతుంది, గతుకుల్లో టైరు నేలను వదిలేస్తుంది. ఏడాదికి రెండు ట్రిప్పుల సామాను చూసి కాదు, బండి మీద ఎప్పుడూ ఉండే క్యారియర్, విన్చ్, అదనపు బ్యాటరీ లాంటి వాటి బరువు చూసి రేటు ఎంచుకోండి. బరువు తరచూ మారేవాళ్లకు ప్రోగ్రెసివ్ స్ప్రింగులు నయం. అవి మొదట మెత్తగా, కుంగేకొద్దీ గట్టిగా పనిచేస్తాయి.

స్ప్రింగు ఒక్కటే చాలదు

పాత షాక్ అబ్జార్బర్లు ఉంచేస్తే చక్రం కిందికి దిగే దూరం తగ్గిపోతుంది. గుంతలో చక్రం వేలాడాల్సిన చోట షాక్ ముందే ఆగిపోయి ‘ఠక్’మంటుంది. చవకని స్పేసర్ వేసినా ఇదే తంటా. బ్రేక్ హోసు పూర్తిగా సాగినప్పుడు బిగుసుకోకూడదు.

జిమ్నీ లాంటి బండిలో ఎత్తు పెరిగితే ముందు యాక్సిల్ కాస్త తిరిగి క్యాస్టర్ కోణం తగ్గుతుంది. అప్పుడు స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం మందగిస్తుంది, హైవే మీద బండి అటూ ఇటూ వెతుక్కుంటుంది. దీనికి క్యాస్టర్ కరెక్షన్ బుష్‌లున్నాయి. యాక్సిల్ ఓ పక్కకు జరగడాన్ని అడ్జస్టబుల్ ల్యాటరల్ రాడ్‌తో సరిచేస్తారు. చివర్లో అలైన్‌మెంట్, హెడ్‌లైట్ ఎత్తు సరిచేయించడం తప్పనిసరి.

అన్నిటికన్నా ముఖ్యం బోల్తా ప్రమాదం. చక్రాల మధ్య వెడల్పు 1400 మి.మీ., గరిమనాభి ఎత్తు 700 మి.మీ. అనుకుంటే, ఆ ఎత్తు 50 మి.మీ. పెరగ్గానే పక్కకు పడకుండా నిలిచే సామర్థ్యం దాదాపు 7 శాతం తగ్గుతుంది. మలుపులో మీ పాత స్పీడు ఇక పనికిరాదు.

చట్టం సంగతి

ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. పని మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వారంటీ సంగతీ కనుక్కోండి.

గ్యారేజీలో అడగాల్సినవి

* ఏ బరువుకు, ఎంత లిఫ్ట్ వస్తుంది?
* రేటు, పొడవు కాగితం మీద ఇస్తారా?
* షాక్‌ల పొడవు దీనికి సరిపోతుందా?
* పూర్తిగా కుంగినప్పుడు చుట్టు చుట్టుకు తగలకుండా బంప్ స్టాప్ ఉందా?

వీటికి జవాబు చెప్పలేని చోట బండి వదలకండి. కాలేజీలో ఉన్నవాళ్లు ఇదే లెక్కను బాహా ఎస్ఏఈ ఇండియా పోటీకి కట్టే బండి మీద ప్రయత్నించండి. బరువు తూచి, రేటు లెక్కగట్టి, కుంగింది కొలిచి చూస్తే ఆటోమొబైల్ ఇంటర్వ్యూలో సస్పెన్షన్ గురించి అడిగినప్పుడు చెప్పడానికి మీ సొంత అంకెలుంటాయి.