మీకు తెలుసా? హాయికి లెక్క కట్టిన ప్రొఫెసర్

ఆఫీసుల్లో రోజూ ఉండే తగవే. ఒకరు ఏసీని 20కి తగ్గిస్తారు. పక్క సీటావిడ చున్నీ కప్పుకుంటుంది. ఇంకొకాయన లేచి వెళ్లి 26కి పెంచుతాడు. ఈ తగవును ప్రయోగశాలకు తీసుకెళ్లి, సూత్రం రాసి తేల్చాలనుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు. డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ పోల్ ఓలె ఫాంగర్ (1934–2006).

• ఒంటికి హాయిగా ఉందో లేదో థర్మామీటర్ ఒక్కటే చెప్పలేదు. గాలి వేడి, చుట్టూ ఉన్న గోడల వేడి, గాలి వేగం, తేమ, ఒంటి మీది బట్టలు, మనం చేసే పని... ఈ ఆరూ చూడాలన్నాడు ఫాంగర్. ఆరింటినీ ఒకే సమీకరణంలో కూర్చి 1970లో ‘థర్మల్ కంఫర్ట్’ పుస్తకం రాశాడు. లెక్క వేస్తే మైనస్ 3కీ ప్లస్ 3కీ మధ్య ఒక అంకె వస్తుంది. మైనస్ అంటే చలి, ప్లస్ అంటే ఉక్క, సున్నా అంటే హాయి. 1984లో ఇదే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7730 అయింది. హీటర్లూ ఏసీలూ ఎంత పెద్దవి పెట్టాలో ఇంజినీర్లు దీన్ని చూసే తేల్చుకుంటూ వచ్చారు.

• ఆ ఆరింటిలో మనకు బాగా తెలిసీ పేరు తెలియనిది గోడల వేడి. మే నెలలో రాత్రి పదింటికి డాబా ఇంట్లో మంచం మీద పడుకుని చూడండి. ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంటుంది, మొహం మీద మాత్రం సెగ కొడుతూనే ఉంటుంది. పగలంతా ఎండ తాగిన స్లాబు ఆ వేడిని కిందికి వదులుతుంటుంది మరి. చలిదేశాల్లో ఇదే తిరగబడుతుంది. గదిలో గాలి వెచ్చగానే ఉన్నా, చల్లటి కిటికీ అద్దం పక్కన కూర్చుంటే ఒళ్లు వణుకుతుంది. అందుకే అక్కడ కిటికీకి రెండద్దాలు బిగించి, గోడలోకి వేడిని ఆపే పొర వేస్తే, హీటర్ కాస్త తగ్గించినా చలి తెలియదు. మన దగ్గర స్లాబు మీద తెల్లరంగు వేస్తే సెగ తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే.

• బట్టల వెచ్చదనానికీ ఒక కొలమానం ఉంది. దాని పేరు ‘క్లో’, పుట్టింది 1941లో. నిండు సూటు వేసుకుంటే సుమారు 1 క్లో.

• లెక్క ప్రకారం అంకె సరిగ్గా సున్నా వచ్చినా, గదిలో వందకు ఐదుగురు బాగాలేదనే అంటారు. అందరికీ నచ్చే గది లేదని ఫాంగర్ సూత్రమే ఒప్పుకుంటుంది.

• ఈ సూత్రం వెనక దాదాపు 1,300 మంది ఉన్నారు. అందులో ఎక్కువమంది అమెరికాలోని కాన్సాస్‌లో, డెన్మార్క్‌లో చదువుకునే కుర్రకారు. ఒకే రకం బట్టలు వేసుకుని, మూసిన గదిలో కూర్చుని, చలిగా ఉందో ఉక్కగా ఉందో చెప్పారు. ఇక మనిషి ఒంట్లో పుట్టే వేడికి ఇలాంటి ప్రమాణాల్లో వాడుతూ వచ్చిన విలువలు 40 ఏళ్ల, 70 కిలోల మగవాడివి. ఆడవాళ్ల విషయంలో ఆ విలువ 35 శాతం దాకా ఎక్కువ చూపిస్తోందని 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు తేల్చారు. చున్నీ కప్పుకున్న ఆవిడది సుకుమారం కాదు, లెక్కలో తప్పు.

• మరి కాన్సాస్ కుర్రాళ్ల హాయి మన హాయి ఒకటేనా? 2008లో పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి హైదరాబాద్‌లో 45 ఫ్లాట్లకు వెళ్లి, వందమందికి పైగా మనుషుల్ని అడిగారు. కిటికీలు తెరుచుకుని, ఫ్యాన్లు వేసుకుని, పల్చటి నూలు బట్టలు కట్టుకునే మనుషులు. వాళ్లకు హాయి అనిపించింది 29.23 డిగ్రీల దగ్గర. 26 నుంచి 32.45 దాకా సర్దుకుపోగలిగారు. అప్పటి భారతీయ ప్రమాణం చెప్పిందేమో 23 నుంచి 26! నా దృష్టిలో ఇది మన ఇళ్ల మీద జరిగిన ఎంతో విలువైన పరిశోధన. తర్వాత ఆవిడ అమెరికాలోని బర్కిలీలో వేడిని కొలిచే బొమ్మమనిషికి చీరలు కట్టి కొలిచారు. అదే చీర, కట్టు మారితే వెచ్చదనమూ మారుతోంది. సూటుకు ఆ వెసులుబాటు లేదు.

• తన సూత్రం ఉష్ణదేశాల్లో ఏసీ లేని ఇళ్లకు సరిపడదని ఫాంగర్ కూడా గ్రహించాడు. 2002లో సహచరుడితో కలిసి దానికి సవరణ ప్రకటించాడు. ముప్పై ఏళ్లు ప్రపంచం నమ్మిన సూత్రాన్ని రాసినవాడే దిద్దుకోవడం చిన్న సంగతి కాదు.

• ఆయన గాలి నాణ్యతనూ వదల్లేదు. గదిలో గాలిని చెడగొట్టేవాటిని మనిషి ఒంటి వాసనతో పోల్చి కొలవడానికి 1988లో ‘ఓల్ఫ్’ అనే కొలమానం తెచ్చాడు. రోజుకు సగటున 0.7 సార్లు స్నానం చేసి ఆఫీసులో కూర్చునే మనిషి 1 ఓల్ఫ్.

• మళ్లీ ఏసీ తగవు దగ్గరికొస్తే, మన దేశంలో స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలన్నీ 2020 జనవరి 1 నుంచి ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలన్నది నిబంధన. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. ఈ రాత్రికి ఏసీని 27లో పెట్టి, ఫ్యాను కూడా వేసి పడుకుని చూడండి.