పాత జీపునకు క్రొత్త బ్రేకులు

అనంతపురపు పీఠభూమిలో జీపు అనునది విలాసవస్తువు కాదు. ఏటికి సగటున 55 సెంటీమీటర్లకు మించి వాన కురియని ఈ సీమలో వంకలు, వాగులు సంవత్సరములో అధికభాగము ఇసుకదారులుగానే యుండును. ఆ ఇసుకలోను, గుట్టలమీది రాళ్లలోను సాధారణపు మోటారుబండి సులభముగా సాగదు. 1947లో మహీంద్రా వారు బొంబాయిలో విల్లీస్ జీపుల భాగములను కూర్చి బండ్లుగా తయారుచేయ నారంభించిరి. ఆ వంశమునకు చెందిన పాతబండ్లు నేటికిని మన పల్లెలలో వేరుశనగ బస్తాలను, పెండ్లివారిని, చేనిపనికి పోవువారిని మోయుచు కానవచ్చును. ఇంజను బాగుచేయించి, క్రొత్త టైర్లు వేయించి, రంగు పూయించి వాటిని ముద్దుగా చూచుకొను యజమానులు బ్రేకుల సంగతిని మాత్రము కట్టకడపట తలచుచుందురు.

మా పెదనాన్నగారికి అట్టి జీపొకటి యుండెడిది. నా చిన్ననాట ఒక వేసవి మధ్యాహ్నము తొమ్మిదిమందిమి ఆ బండిలో పెనుకొండ ప్రాంతపు గుట్టదారిని దిగుచుండగా, మూడవ మలుపు దాటునప్పటికి బ్రేకు మెత్తబడెను. పెడలు నేలకంటినను బండి నిలువలేదు. ఆయన గేరు తగ్గించి, బండిని గుట్టవైపు మట్టికట్టకు ఒరయించి యెట్లో ఆపిరి. ఎవరికిని దెబ్బ తగులలేదు. అరగంట గడచిన పిమ్మట అదే బ్రేకు ఏమియు నెరుగనట్లు చక్కగా పట్టెను. “ఇందాక పట్టని బ్రేకు ఇప్పుడెట్లు పట్టినది?” అని నేనడిగిన ప్రశ్నకు ఆనాడెవ్వరును బదులు చెప్పలేదు. ఈ ప్రసంగము ఆ ప్రశ్నకు సమాధానము.

బ్రేకు చేయు పని యొక్కటే: బండి వేగమును వేడిగా మార్చుట. మనుష్యులతో కలిసి 1,500 కిలోల బరువు గల జీపు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా ఆపినచో పుట్టు వేడి, ఒక లీటరు నీటిని 30 డిగ్రీలనుండి 80 డిగ్రీలవరకు కాచుటకు సరిపోవును. అదే బండి 200 మీటర్ల ఎత్తునుండి క్రిందికి దిగివచ్చినచో, ఇంజను కొంత భారము పంచుకొననియెడల, అట్టి వేడి పదునాలుగింతలు బ్రేకులే మ్రింగవలెను. వేగము రెట్టింపైనచో వేడి నాలుగింత లగునని కూడ గుర్తుంచుకొనవలెను.

పాతజీపులలో ఉండునవి డ్రమ్ము బ్రేకులు. చక్రముతో పాటు ఇనుపగిన్నె వంటి డ్రమ్ము తిరుగును. దానిలోపల నెలవంక ఆకారముగల రెండు షూలు వెలుపలికి విచ్చుకొని గిన్నె గోడను ఒత్తును. ఇందొక సౌకర్యము కలదు: తిరుగుచున్న డ్రమ్మే ముందరి షూను తనలోనికి లాగుకొనును గనుక కొద్దిపాటి కాలిబలము చాలును. కాని పుట్టిన వేడి ఆ గిన్నెలోనే చిక్కుకొనును. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరముగా జరుగును. లైనింగు పట్టు కోల్పోవును. పెడలు క్రిందికి దిగిపోవును. చల్లారినంతనే యన్నియు యథాస్థితికి వచ్చును. పెదనాన్నగారి బండిలో జరిగిన దిదియే. వాన వచ్చినప్పుడు పారు వంకను దాటిన వెంటనే బ్రేకు పట్టకపోవుటకు కారణము వేరు. డ్రమ్ములో చేరిన నీరు, బురద త్వరగా వెలుపలికి రావు.

డిస్కు బ్రేకులో చక్రముతో తిరుగునది బల్లపరుపుగా నుండు ఇనుపబిళ్ల. కమ్మరి పట్టకారుతో ఇనుమును పట్టినట్లు, కాలిపరు అను సాధనము రెండు ప్యాడ్లతో ఆ బిళ్లను ఇరుప్రక్కల నొక్కిపట్టును. బిళ్ల గాలికి తెరచియుండును గనుక త్వరగా చల్లారును. వేడెక్కి దళసరియైనను ప్యాడ్లవైపునకే జరుగును గాని దూరము కాదు. నీటిని తన వేగముచేతనే విసరివేయును. 1902లోనే ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు దీనికి పేటెంటు పొందెను. 1953లో లెమాన్ పందెమున జాగ్వారు కారు డిస్కు బ్రేకులతో గెలిచిన పిదప, 1955లో ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ డి.ఎస్. కారు వీటిని విరివిగా తయారగు కార్లలోనికి తెచ్చెను.

అట్లయిన పాతబ్రేకు విప్పి క్రొత్తది బిగించిన చాలునా? చాలదు. కొన్నేండ్ల క్రిందట మా అన్న ఆ జీపునకు ఈ మార్పు చేయించినపుడు అనంతపురపు మెకానిక్కు ఒకడు చెప్పిన మాట విలువైనది: “డిస్కు వేసేది పెద్ద పని కాదు సార్, దానికి సరిపోయే సిలిండరు చూసుకునేదే పని.”

డ్రమ్ము వలె డిస్కు తనకు తాను సాయపడదు. కావున అధికమైన ఒత్తిడి కావలెను. వాక్యూము బూస్టరు తరచుగా అవసరమగును. కాలిపరు పిస్టను పెద్దది గనుక ఎక్కువ ఆయిలు కూడ కావలెను. మాస్టరు సిలిండరు సన్ననిదైన ఒత్తిడి హెచ్చును గాని ఆయిలు చాలదు. లావైన ఆయిలు చాలును గాని పెడలు రాయివలె బిగియును. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటయే పనితనము. డ్రమ్ములకొరకు గొట్టములో కొంత ఒత్తిడిని నిలిపియుంచు వాల్వు డిస్కువైపున మిగిలిపోయినచో ప్యాడ్లు బిళ్లను విడువక ఒరయుచునే యుండును. అవకాశమున్నచో ముందుచక్రములకు, వెనుకచక్రములకు వేర్వేరు మార్గములు గల జంట సిలిండరు వేయించుట మేలు. ఒక గొట్టము పగిలినను రెండవది మిగులును.

ఆపునప్పుడు బరువు ముందునకు మొగ్గును గనుక ముందుచక్రములకు మాత్రము డిస్కులు వేసి, వెనుక డ్రమ్ములను ఉంచుట వాడుక. అయినను వెనుకచక్రములు ముందుగా బిగిసినచో బండి అడ్డముగా తిరుగును. కావున నిర్జనమైన మైదానమున, తక్కువ వేగముతో పరీక్షించిన పిదపనే రోడ్డెక్కవలెను. కాలిపరు చక్రపు రిమ్మునకు తగులకుండుటయు, దానిని మోయు బ్రాకెట్టు బలమైన ఉక్కుతో చేసినదై యుండుటయు చూచుకొనవలెను. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. డ్రమ్ములోని ధూళిని గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను బండి మార్పులకు హద్దులు విధించుచున్నది గనుక పనికి ముందే రవాణాశాఖ కార్యాలయమున విచారించుట యుక్తము.

ఈ మార్పు అందరికిని అవసరమని నా అభిప్రాయము కాదు. చేనిగట్లపై మెల్లగా తిరుగు బండికి చక్కగా సరిచేసిన డ్రమ్ములు, సకాలమున మార్చిన బ్రేకు ఆయిలు చాలును. ఆ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొని, కాలక్రమమున తక్కువ వేడికే మరగి ఆవిరి బుడగలు పుట్టించును. ఏ బ్రేకు వేసినను, ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెనను పాతకాలపు డ్రైవర్ల సూత్రము చెల్లక మానదు.

పెనుకొండ 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఆ గుట్టదారి యట్లే యున్నది. మొన్నటి వేసవిలో మా అన్న పిల్లలతో కలిసి ఆ జీపులోనే దానిని దిగితిమి. మూడవ మలుపువద్ద నా కాలు నాకు తెలియకయే నేలను నొక్కెను. అన్న అది చూచి నవ్వెను; బండిని మాత్రము రెండవ గేరులోనే నడిపెను.